కొత్త సిస్టమ్‌కి చేతులు అలవాటు పడేదాకా: విండోస్ నుంచి లినక్స్ మింట్‌కి మారడం ఎలా?

కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌లోకి మారిన మొదటి వారం చాలామంది నోట ఒకటే మాట వస్తుంది: "ఇందులో ఏదీ దొరకట్లేదు." వెతికితే అన్నీ ఉంటాయి. ఫైలు కాపీ చేయడం, ఫోటో చూడటం, ప్రింట్ తీయడం పాతదాంట్లో లాగే జరుగుతాయి. ఇబ్బంది అంతా చేతులతోనే. పదేళ్లుగా చూడకుండా ఒక మూలకి వెళ్లిన మౌస్, ఆలోచించకుండా నొక్కిన కీలు ఇప్పుడు ప్రతిసారీ ఆగి వెతుక్కోవాలి. పది సెకన్ల పనికి నిమిషం పడుతుంది. రోజుకి యాభైసార్లు అలా జరిగితే ఎవరికైనా విసుగొస్తుంది. ఆ విసుగులోనే "నాకు కంప్యూటర్ రాదేమో" అని అనుమానం కూడా మొదలవుతుంది. దయచేసి ఆ అనుమానం పెట్టుకోకండి. మీ చేతులు పాత దారికి అలవాటు పడ్డాయి, అంతే.

కాబట్టి నేను చెప్పే పద్ధతి ఇది: అన్నీ ఒకేసారి మార్చకండి. ముందు ప్రోగ్రాములు మార్చండి. అవి చేతికి వచ్చాక సిస్టమ్ మార్చండి. ఆ తర్వాత కూడా కొన్నాళ్లు పాతదాన్ని పక్కనే ఉంచుకోండి. నేను చూసినంతలో, మధ్యలో వదిలేసినవాళ్లు ఎక్కువగా ఒక్క రాత్రిలో అంతా మార్చేసినవాళ్లే.

ఈ అవసరం ఇప్పుడు చాలామందికి వచ్చింది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 వేసుకోవాలంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ కావాలి. అవి లేని కంప్యూటర్లు ఇప్పటికీ చక్కగా పనిచేస్తున్నాయి. అలాంటి వాటికి లినక్స్ మింట్ మంచి దారి అని నా అభిప్రాయం. 2006 నుంచి వస్తున్న ఉచిత సిస్టమ్ ఇది. దీంట్లో సినమన్ అనే ఎడిషన్ తీసుకోండి. మెనూ కింద ఎడమవైపు, గడియారం కింద కుడివైపు, మధ్యలో తెరిచిన కిటికీలు ఉంటాయి కాబట్టి కంటికి పెద్ద తేడా అనిపించదు. 2 జీబీ ర్యామ్‌తో నడుస్తుందని వాళ్లు చెబుతారు, కానీ 4 జీబీ ఉంటేనే మొదలుపెట్టండి. మింట్ 22కి అప్‌డేట్లు 2029 వరకు వస్తాయి.

తొందరపడాల్సిన పని కూడా లేదు. విండోస్ 10 వాడేవాళ్లకి అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల పథకం ఒకటి ఉంది. అందులో నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 వరకు అప్‌డేట్లు అందుతాయి. ఆ గడువుని మెల్లగా అలవాటు పడటానికి వాడుకోండి.

ముందు ఒక కాగితం తీసుకోండి

వారం రోజులు కంప్యూటర్ పక్కన కాగితం, పెన్ను పెట్టుకోండి. మీరు తెరిచిన ప్రతి ప్రోగ్రాం పేరూ రాయండి. గుర్తు తెచ్చుకుని ఒకేసారి రాస్తే నాలుగైదు పేర్లకంటే రావు. వారం రాస్తే నెలకోసారి తెరిచే స్కానర్ ప్రోగ్రాం, పాత లెక్కల ప్రోగ్రాం లాంటివి బయటపడతాయి. చివరికి ఇబ్బంది పెట్టేది అవే.

వారం అయ్యాక ఒక్కో పేరు పక్కన అది లినక్స్‌లో ఉందో లేదో చూసి రాయండి. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, వీఎల్‌సీ, థండర్‌బర్డ్, జూమ్ ఉన్నాయి. ఫోటోషాప్, ఆటోక్యాడ్ లేవు. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ కూడా లినక్స్‌లో ఇన్‌స్టాల్ అవ్వదు, బ్రౌజర్‌లో తెరుచుకునే ఆఫీస్ మాత్రం పనిచేస్తుంది. విండోస్ ప్రోగ్రాములని లినక్స్‌లో నడిపించే వైన్ అనే సాధనం ఉంది. కొన్ని ప్రోగ్రాములు దాంట్లో బాగా నడుస్తాయి, కొన్ని తెరుచుకోవు. మీ సంపాదన ఆధారపడిన ప్రోగ్రాంని మాత్రం వైన్‌ని నమ్మి వదలకండి.

ఇక్కడ మీకు మీరే నిజం చెప్పుకోవాలి. రోజూ ఆటోక్యాడ్ మీద పని చేసేవారైతే మింట్‌కి మారి సుఖపడరు. అలాంటప్పుడు రెండు సిస్టమ్‌లూ ఒకే కంప్యూటర్‌లో ఉంచుకోవచ్చు, లేదా మారకుండానే ఉండవచ్చు. రెండోదాంట్లో తప్పేమీ లేదు.

విండోస్‌లో ఉండగానే కొత్త ప్రోగ్రాములకి మారండి

అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చే మెట్టు ఇదే, ఎక్కువమంది దాటేసేదీ ఇదే. వర్డ్, ఎక్సెల్ లాంటి పనులకి లిబ్రేఆఫీస్, మెయిల్‌కి థండర్‌బర్డ్, వీడియోలకి వీఎల్‌సీ, ఫోటోల పనికి గింప్... ఇవన్నీ విండోస్‌లో కూడా ఉచితంగా దొరుకుతాయి. రేపు మింట్‌లో వాడబోయేవి కూడా ఇవే. ఇప్పుడే ఇన్‌స్టాల్ చేసుకుని మూడు వారాలు వీటితోనే పని చేయండి. ఏదైనా అర్జెంట్ పని పడితే పాత ప్రోగ్రాం అక్కడే ఉంటుంది, టెన్షన్ ఉండదు. సిస్టమ్ మారిన రోజున మీకు కొత్తగా అనిపించేవి మెనూలూ ఫోల్డర్లే. లెటర్ రాయడం, మెయిల్ చూడటం అప్పటికే అలవాటైపోయి ఉంటాయి.

లిబ్రేఆఫీస్ తెరవగానే "పాత కాలం వర్డ్‌లా ఉందే" అనిపిస్తుంది. వ్యూ మెనూలో యూజర్ ఇంటర్‌ఫేస్ అని ఉంటుంది, అందులో ట్యాబ్డ్ ఎంచుకోండి. పైన వరుస వర్డ్‌లోని రిబ్బన్‌కి దగ్గరగా మారిపోతుంది.

వర్డ్‌లో చేసిన ఫైలు ఇందులో తెరిస్తే పేజీలు అటూ ఇటూ జరగవచ్చు. చాలాసార్లు కారణం ఫాంటే. మింట్‌లో క్యాలిబ్రి ఉండదు కాబట్టి దాని స్థానంలో అవే కొలతలున్న కార్లిటో వస్తుంది. టైమ్స్ న్యూ రోమన్ బదులు లిబరేషన్ సెరిఫ్ వస్తుంది. ఈ రెండిటికీ అక్షరాల వెడల్పు సరిపోతుంది కాబట్టి వరుసలు పెద్దగా చెదరవు. గౌతమి, నిర్మల లాంటి తెలుగు ఫాంట్లకి అలాంటి కొలతల జోడీ లేదు. వాటితో చేసిన ఫైళ్లలో పేజీలు మారతాయి. అందుకే ఇతరులకి పంపే చివరి కాపీ ఎప్పుడూ పీడీఎఫ్‌గా పంపండి.

బ్యాకప్: ఇక్కడ తొందర వద్దు

మీ ఫైళ్లు కనీసం రెండు చోట్ల ఉండాలి, అందులో ఒకటి ఈ కంప్యూటర్ బయట ఉండాలి. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఉంటే మంచిది. డాక్యుమెంట్లూ ఫోటోలూ ఎవరైనా కాపీ చేసుకుంటారు. మర్చిపోయేవి వేరే ఉన్నాయి, వాటి గురించే ఎక్కువ చెబుతాను.

మొదటిది వన్‌డ్రైవ్. విండోస్‌లో దీని బ్యాకప్ ఆన్ అయి ఉంటే మీ డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు వన్‌డ్రైవ్ ఫోల్డర్ లోపల ఉంటాయి. వాటిలో కొన్ని ఫైళ్లు కంప్యూటర్‌లో ఉన్నట్టు కనిపిస్తాయి కానీ నెట్‌లో మాత్రమే ఉంటాయి. ఫైలు పక్కన మేఘం బొమ్మ ఉందంటే అర్థం అదే. ఆ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, ఎప్పుడూ ఈ కంప్యూటర్‌లోనే ఉంచమనే ఆప్షన్ ఎంచుకుని, మొత్తం డౌన్‌లోడ్ అయ్యాకే కాపీ చేయండి.

రెండోది బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు, బుక్‌మార్క్‌లు. బ్రౌజర్‌లో అకౌంట్‌తో సైన్ ఇన్ అయి సింక్ చేస్తే కొత్త సిస్టమ్‌లో వాటంతట అవే వస్తాయి. ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేస్తే మాత్రం జాగ్రత్త, ఆ ఫైల్‌లో పాస్‌వర్డ్‌లన్నీ ఎవరైనా చదవగలిగేలా ఉంటాయి. పని అవ్వగానే దాన్ని డిలీట్ చేసేయండి.

మూడోది తెలుగు ఫైళ్లు. అను ఫాంట్లలాంటి పాత డీటీపీ ఫాంట్లతో టైప్ చేసినవి యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే చదవగలిగే పద్ధతి) కాదు. ఆ ఫాంట్ లేని చోట తెరిస్తే తెలుగు బదులు గజిబిజి గుర్తులు కనిపిస్తాయి. ఏళ్ల తరబడి రాసుకున్నది అలా కనిపించినప్పుడు గుండె ఆగినంత పనవుతుంది. విండోస్‌లో ఉండగానే వాటన్నిటికీ పీడీఎఫ్ కాపీలు చేయండి. మళ్లీ దిద్దాల్సినవాటిని కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, ఒక్కసారి చదివి చూసుకోండి. ఒత్తులు, సంయుక్తాక్షరాల దగ్గర తప్పులు దొర్లుతుంటాయి.

నాలుగోది బిట్‌లాకర్, అంటే డిస్క్‌లో ఉన్నదానికి తాళం వేసి ఉంచే విండోస్ సదుపాయం. చాలా ల్యాప్‌టాప్‌లలో ఇది మనకి తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. 48 అంకెల రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. దాన్ని కాగితం మీద రాసి పెట్టుకోండి. విండోస్ పక్కనే మింట్ వేసుకోవాలనుకుంటే బిట్‌లాకర్ ఆఫ్ చేసి, డీక్రిప్షన్ (ఆ తాళం తీయడం) పూర్తయ్యేదాకా ఆగండి.

కాపీ అయ్యాక ఎక్స్‌టర్నల్ డిస్క్‌ని వేరే కంప్యూటర్‌కి పెట్టి పది ఫైళ్లు తెరిచి చూడండి. తెరుచుకోని కాపీ ఉన్నా లేనట్టే.

ఇన్‌స్టాల్ చేయకుండానే వాడి చూడండి

మింట్‌ని పెన్ డ్రైవ్ మీద నుంచే నడిపి చూడొచ్చు. హార్డ్ డిస్క్‌లో ఏమీ మారదు. డౌన్‌లోడ్ చేసుకోవాల్సిన మింట్ ఫైలు సుమారు 3 జీబీ ఉంటుంది, 8 జీబీ పెన్ డ్రైవ్ సరిపోతుంది. మింట్ సొంత వెబ్‌సైట్ నుంచే డౌన్‌లోడ్ చేయండి. ఎచర్ లేదా రూఫస్ అనే ప్రోగ్రాంతో పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించండి. పెన్ డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది. ఆ సమయంలో వేరే డిస్కులన్నీ తీసి పక్కన పెట్టండి, పొరపాటున వాటిని ఎంచుకునే ప్రమాదం ఉండదు.

కంప్యూటర్ స్టార్ట్ అయ్యేటప్పుడు ఏ కీ నొక్కాలో ఒక్కో కంపెనీది ఒక్కో రకం. దానికోసం వెతికే బదులు విండోస్‌లో షిఫ్ట్ కీ పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి. వచ్చే నీలం తెరలో యూజ్ ఎ డివైస్ అనేది కనిపిస్తే అందులో పెన్ డ్రైవ్ ఎంచుకోండి.

మింట్ తెరుచుకున్నాక రెండు గంటలు కూర్చుని వైఫై కనెక్ట్ అవుతోందా, సౌండ్ వస్తోందా, కెమెరా పనిచేస్తోందా చూడండి. వెలుగు తగ్గించి పెంచే కీలు నొక్కండి. ప్రింటర్ కనెక్ట్ చేసి ఒక పేజీ ప్రింట్ తీయండి. ల్యాప్‌టాప్ మూత మూసి ఐదు నిమిషాలాగి తెరవండి. నిద్రపోయి లేచేటప్పుడు కొన్ని ల్యాప్‌టాప్‌లు మొరాయిస్తాయి. ఆ సంగతి ఇప్పుడే తెలియడం మంచిది. పెన్ డ్రైవ్ మీద నడుస్తుంది కాబట్టి కాస్త నెమ్మదిగా ఉంటుంది, దాన్ని చూసి తీర్పు ఇచ్చేయకండి.

వైఫై కనిపించకపోతే కంగారుపడి వదిలేయకండి. ముఖ్యంగా బ్రాడ్‌కామ్ చిప్పులున్న ల్యాప్‌టాప్‌లలో ఇది జరుగుతుంది. వాటికి డ్రైవర్ (ఆ చిప్పుని నడిపించే చిన్న సాఫ్ట్‌వేర్) విడిగా వేసుకోవాలి, డ్రైవర్ కావాలంటే నెట్ కావాలి, నెట్ కావాలంటే డ్రైవర్ కావాలి. ఈ చిక్కుముడిని ఆండ్రాయిడ్ ఫోన్ విప్పేస్తుంది. ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. కొద్ది సెకన్లలో నెట్ వస్తుంది. డ్రైవర్ మేనేజర్ తెరిచి అది సూచించిన వైఫై డ్రైవర్ వేసుకోండి.

ఇన్‌స్టాల్ చేసే రోజు

విండోస్‌ని ఉంచి పక్కన మింట్ వేయాలనే నా సలహా. ముందు విండోస్ కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ ఆఫ్ చేయండి. అది ఆన్‌లో ఉంటే విండోస్ షట్‌డౌన్ అయినట్టు కనిపించినా సగం నిద్రలోనే ఉంటుంది. అప్పుడు మింట్ నుంచి ఆ డ్రైవ్‌లో ఏమీ రాయడం కుదరదు. తర్వాత డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, సి డ్రైవ్‌ని ష్రింక్ చేసి కనీసం 50 జీబీ, కుదిరితే 100 జీబీ ఖాళీ చేయండి. ఈ కత్తిరింపు విండోస్ చేతనే చేయించడం క్షేమం.

ఇన్‌స్టాలర్ అడిగే ప్రశ్నల్లో జాగ్రత్తగా చదవాల్సింది ఒక్కటే: విండోస్ పక్కన ఇన్‌స్టాల్ చేయాలా, మొత్తం డిస్క్ చెరిపేయాలా అని అడిగే పేజీ. ఆ పేజీ దగ్గర చేతులు మౌస్ మీద నుంచి తీసి, రెండుసార్లు చదివి, అప్పుడు నొక్కండి. మల్టీమీడియా కోడెక్‌ల దగ్గర టిక్ పెట్టండి, లేకపోతే కొన్ని వీడియోలు ఆడవు. సెక్యూర్ బూట్ (స్టార్ట్ అయ్యేటప్పుడు నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే రక్షణ) ఆన్‌లో ఉంటే ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ అయ్యాక మోక్ మేనేజ్‌మెంట్ అని ఒక నీలం తెర వస్తే భయపడకండి. అందులో ఎన్‌రోల్ మోక్ ఎంచుకుని, ఇందాక పెట్టిన పాస్‌వర్డ్ కొడితే సరిపోతుంది.

మొదటి రోజు ఈ పనులు మాత్రమే

వెల్కమ్ స్క్రీన్‌లో ఫస్ట్ స్టెప్స్ అని ఉంటుంది. అక్కడి నుంచే అప్‌డేట్ మేనేజర్‌తో అప్‌డేట్లన్నీ వేయండి, డ్రైవర్ మేనేజర్ చూడండి. తర్వాత టైమ్‌షిఫ్ట్ సెట్ చేయండి. ఇది సిస్టమ్ ఫైళ్లని ఎప్పటికప్పుడు ఫోటో తీసినట్టు దాచిపెడుతుంది. రేపు ఏదైనా మార్చి చెడగొట్టుకున్నా నిన్నటి స్థితికి వెనక్కి వెళ్లొచ్చు. అయితే మామూలుగా ఇది మీ సొంత ఫైళ్లని దాచదు. డాక్యుమెంట్ల బ్యాకప్ విడిగా చేసుకుంటూ ఉండాల్సిందే.

ఇక తెలుగు. కీబోర్డ్ సెట్టింగ్స్‌లో లేఅవుట్స్ పేజీకి వెళ్లి ప్లస్ గుర్తు నొక్కి తెలుగు ఎంచుకోండి. విండోస్‌లో ఇన్‌స్క్రిప్ట్‌తో టైప్ చేసినవాళ్లకి అక్షరాలు అవే చోట్ల దొరుకుతాయి. ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు రావాలనుకునేవాళ్లు మెనూలో ఇన్‌పుట్ మెథడ్ తెరిచి ఐబస్, దానికి ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకోండి. అందులో ఆర్‌టీఎస్, ఐట్రాన్స్ పద్ధతులు ఉంటాయి. మీరు ఇన్నాళ్లూ వాడిన ఫొనెటిక్‌కీ వీటికీ కొన్ని అక్షరాల దగ్గర తేడా ఉంటుంది. మొదటి నాలుగు రోజులు ళ, ణ, ఱ లాంటివి ఎక్కడున్నాయో చీటీ రాసి మానిటర్‌కి అంటించుకోండి.

ఆ రోజుకి ఇంక ఆపేయండి. థీమ్‌లు, ఐకాన్లు మార్చే సరదా వారం తర్వాత పెట్టుకోండి.

చిరాకుల చిట్టా

ఇక అసలు కష్టం మొదలయ్యేది ఇప్పుడే. చిన్న నోట్‌బుక్ ఒకటి పెట్టుకోండి. విసుగు వచ్చిన ప్రతిసారీ ఒక్క వాక్యం రాయండి: "ఫైలు పేరుతో వెతికితే రాలేదు", "స్క్రోల్ తిరగబడింది", "అక్షరాలు చిన్నగా ఉన్నాయి". అప్పటికప్పుడు పరిష్కారం వెతకొద్దు. వెతకడం మొదలుపెడితే చేస్తున్న పని ఆగిపోతుంది, విసుగు రెట్టింపవుతుంది. సాయంత్రం కూర్చుని మూడింటిని మాత్రం తీర్చుకోండి. రెండు వారాలు గడిచాక మొదటి పేజీ తిప్పి చూస్తే, సగం చిరాకులు మీరేమీ చేయకుండానే పోయి ఉంటాయి. చేతులకి అలవాటైపోయి ఉంటాయి.

ఎక్కువమంది చిట్టాల్లో కనిపించేవి ఇక్కడ చెబుతాను.

మా అమ్మకి మింట్ పెట్టిచ్చిన రోజు పది నిమిషాలు కాకముందే వంటింట్లో ఉన్న నాకు కేక వినిపించింది. "ఒరేయ్, నా డి డ్రైవ్ ఏదిరా? ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి!" వెళ్లి చూస్తే ఫైళ్ల కిటికీ తెరిచి ఉంది, ఎడమవైపు జాబితాలో డివైసెస్ కింద ఎన్నో జీబీల వాల్యూమ్ అని ఒక పేరు ఉంది. "అమ్మా, ఎక్కడికీ పోలేదు, ఇదే నీ డి డ్రైవ్" అని దాని మీద నొక్కి చూపించాను. ఫోటోలు కనిపించాక కూడా అమ్మ మౌస్‌తో ఒక్కో ఫోల్డర్ తెరిచి, అన్నీ ఉన్నాయో లేదో లెక్క చూసుకుంది. ఆవిడ భయం నాకు అప్పుడు అర్థమైంది. మనం పేరు మారిందంటాం. వాడేవాళ్లకి అది పోయినట్టే కనిపిస్తుంది.

లినక్స్‌లో సి, డి అనే అక్షరాలు ఉండవు. అన్నీ ఒకే చెట్టుకి కొమ్మల్లా ఉంటాయి, మీ ఫైళ్లు హోమ్ అనే కొమ్మలో ఉంటాయి. ఇన్‌స్టాల్ చేయకముందే విండోస్‌లో డి డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి పేరు మార్చండి, "ఫోటోలు" అనో "ఆఫీస్" అనో. మింట్‌లో కూడా అదే పేరు కనిపిస్తుంది. తెరిచాక కంట్రోల్, డి కలిపి నొక్కితే ఎడమ జాబితాలో బుక్‌మార్క్‌గా నిలిచిపోతుంది.

పెన్ డ్రైవ్ సంగతి ఇంకా ముఖ్యం. ఒకసారి ప్రింట్ కోసం ఇరవై పీడీఎఫ్‌లు పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేశాను. బార్ చివరిదాకా వెళ్లింది, మాయమైంది. పెన్ డ్రైవ్ లాగేసి వెళ్లాను. అక్కడ తెరిస్తే మొదటి పదమూడు తెరుచుకున్నాయి, మిగతావి పాడైపోయాయి. కారణం ఏంటంటే, లినక్స్ ఫైళ్లని ముందు మెమరీలోకి తీసుకుని, తర్వాత తీరిగ్గా పెన్ డ్రైవ్‌లోకి రాస్తుంది. బార్ నిండిపోయినా రాత పూర్తి కాకపోవచ్చు. కాబట్టి ఎడమ జాబితాలో పెన్ డ్రైవ్ పేరు పక్కన ఉన్న ఎజెక్ట్ గుర్తు నొక్కండి. తీసేయవచ్చని చెప్పేదాకా ఆగండి. పెద్ద ఫైళ్లయితే రెండు మూడు నిమిషాలు కూడా పట్టొచ్చు. ఈ ఒక్క అలవాటూ మొదటి రోజే చేసుకోండి.

ఫైళ్ల పేర్లలో పెద్ద ఇంగ్లీషు అక్షరం వేరు, చిన్న అక్షరం వేరు. పెద్ద ఆర్‌తో మొదలయ్యే రిపోర్టూ చిన్న ఆర్‌తో మొదలయ్యే రిపోర్టూ ఒకే ఫోల్డర్‌లో విడివిడి ఫైళ్లుగా ఉండగలవు. విండోస్‌లో అలా కుదరదు. పేర్లన్నీ చిన్న అక్షరాలతోనే పెట్టుకుంటే ఈ తలనొప్పి ఉండదు. అలాగే కోలన్, ప్రశ్నార్థకం లాంటి గుర్తులు లినక్స్ ఒప్పుకుంటుంది, విండోస్ ఒప్పుకోదు. అలాంటి పేరున్న ఫైలు పెన్ డ్రైవ్‌లోకి కాపీ కాకపోతే ముందు పేరు చూడండి.

ప్రోగ్రాం కావాలంటే వెబ్‌సైట్‌కి వెళ్లి ఈఎక్స్ఈ ఫైలు దించుకోవడం మనకి అలవాటు. ఇక్కడ ముందు సాఫ్ట్‌వేర్ మేనేజర్ తెరవండి. ఫోన్‌లో యాప్ స్టోర్ ఉన్నట్టే, పేరు కొట్టి ఇన్‌స్టాల్ నొక్కడమే. ఒకే ప్రోగ్రాం రెండుసార్లు కనిపిస్తే, ఒకటి మామూలు ప్యాకేజీ, రెండోది ఫ్లాట్‌ప్యాక్, అంటే తనకి కావలసినవన్నీ వెంట తెచ్చుకునే ప్యాకేజీ. ఫ్లాట్‌ప్యాక్‌లో సాధారణంగా కొత్త వెర్షన్ ఉంటుంది కానీ ఎక్కువ చోటు తీసుకుంటుంది. డిస్క్ చిన్నదైతే మామూలుదే వేసుకోండి.

కీల విషయంలో ఊరట ఉంది. కాపీ, పేస్ట్, అన్‌డూ, ఆల్ట్ ట్యాబ్, ఎఫ్2తో పేరు మార్చడం, ఇవన్నీ అలాగే ఉంటాయి. ఎక్స్, సి, వి అనే మూడు కీలు 1980ల మొదట్లో యాపిల్ కంప్యూటర్లతో వచ్చి అన్ని సిస్టమ్‌లకీ పాకాయి, ఇప్పటికీ మారలేదు. తేడా వచ్చేది టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైప్ చేసే కిటికీలో. అక్కడ కంట్రోల్, సి నొక్కితే నడుస్తున్న పని ఆగిపోతుంది, కాపీకి షిఫ్ట్ కూడా కలపాలి. స్క్రీన్ లాక్‌కి కంట్రోల్, ఆల్ట్, ఎల్. పాత కాంబినేషనే కావాలంటే కీబోర్డ్ సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు. మార్చుకోవడంలో మొహమాటం వద్దు, సిస్టమ్ మీకోసం మారాలి.

టచ్‌ప్యాడ్‌లో పేజీ తిరగబడి కదులుతుంటే మౌస్ అండ్ టచ్‌ప్యాడ్ సెట్టింగ్స్‌లో రివర్స్ స్క్రోలింగ్ దగ్గర టిక్ తీసేయండి, లేదా పెట్టండి. మింట్ వాడి మళ్లీ విండోస్‌లోకి వెళ్తే గడియారం కొన్ని గంటలు తేడా చూపిస్తుంటుంది. బ్యాటరీ పోయిందని అనుకోవద్దు. కంప్యూటర్ గడియారాన్ని విండోస్ స్థానిక సమయంగా చదువుతుంది, లినక్స్ అంతర్జాతీయ సమయంగా చదువుతుంది. విండోస్ టైం సెట్టింగ్స్‌లో సింక్ నౌ నొక్కితే సరి అవుతుంది.

ఒక మాట విండోస్ 11కి మారినవాళ్లకి. మీకు కూడా ఈ చిట్టా పద్ధతి పనికొస్తుంది. మధ్యలోకి జరిగిన స్టార్ట్ బటన్‌ని టాస్క్‌బార్ సెట్టింగ్స్‌లో మళ్లీ ఎడమకి తెచ్చుకోవచ్చు. రైట్ క్లిక్‌లో పాత మెనూ కావాలంటే షిఫ్ట్ పట్టుకుని రైట్ క్లిక్ చేయండి. 2012లో విండోస్ 8 నుంచి స్టార్ట్ బటన్ తీసేసినప్పుడు జనం ఎంత గొడవ చేశారంటే, మరుసటి ఏడాది 8.1లో దాన్ని మళ్లీ తెచ్చారు. ఒక్క బటన్ చోటు మారితే విసుగు రావడం మనుషులందరికీ ఉన్నదే.

ఏదైనా చెడినప్పుడు

ఒక్కసారి ఒక్కటే మార్చండి. మూడు మార్పులు చేశాక బాగైతే దేనివల్ల బాగైందో తెలియదు, చెడితే దేనివల్ల చెడిందో తెలియదు. సిస్టమ్ సెట్టింగ్ దేన్నయినా ముట్టుకునే ముందు టైమ్‌షిఫ్ట్‌లో ఒక స్నాప్‌షాట్ తీసుకోండి.

నెట్‌లో దొరికిన కమాండ్‌ని అర్థం చేసుకోకుండా టెర్మినల్‌లో పేస్ట్ చేయకండి. ముఖ్యంగా అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగితే ఆగండి. అందులో ప్రతి మాటా ఏం చేస్తుందో ఎవరైనా వివరించాకే నొక్కండి. పాత వెర్షన్‌కి రాసిన సలహా మీ వెర్షన్‌ని పాడు చేయొచ్చు కూడా.

ఎవరినైనా సాయం అడిగేటప్పుడు "పనిచేయట్లేదు" అని వదిలేయకండి. మింట్ ఏ వెర్షన్, ఏ ల్యాప్‌టాప్, ఏం నొక్కారు, ఏం రావాలనుకున్నారు, ఏం వచ్చింది, ఎర్రర్ మెసేజ్ అక్షరం పొల్లుపోకుండా... ఇవన్నీ చెప్పండి. వివరాలు మెనూలో సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో దొరుకుతాయి, కాపీ బటన్ కూడా ఉంటుంది. ఇవి రాస్తుంటేనే కొన్నిసార్లు తప్పెక్కడుందో మీకే కనిపిస్తుంది.

రెండు నెలలయ్యాక

విండోస్‌లోకి చివరిసారి ఎప్పుడు వెళ్లారో, ఎందుకు వెళ్లారో నోట్‌బుక్‌లో రాస్తూ ఉండండి. నెల రోజులు ఒక్కసారి కూడా వెళ్లకపోతే దాన్ని తీసేసి ఆ చోటు వాడుకోవచ్చు. తీసేటప్పుడు ఈఎఫ్ఐ అనే చిన్న పార్టిషన్‌ని (డిస్క్‌లో ఒక భాగాన్ని) మాత్రం ముట్టుకోకండి. దాని సైజు కొన్ని వందల ఎంబీలే ఉంటుంది కాబట్టి పనికిరానిదనుకుంటారు, కానీ మింట్ స్టార్ట్ అవ్వడానికి కావలసిన ఫైళ్లు కూడా అందులోనే ఉంటాయి. వారానికి మూడుసార్లు విండోస్‌లోకి వెళ్తున్నారంటే ఆ అవసరం నిజమైనదే, రెండూ ఉంచుకోండి.

మింట్ అసలు పడలేదనుకోండి, వెనక్కి వెళ్లడం కూడా కష్టం కాదు. విండోస్ డిజిటల్ లైసెన్స్ ఉన్న కంప్యూటర్‌లో అదే ఎడిషన్ మళ్లీ వేసి నెట్‌కి కలిపితే, కీ అడగకుండా దానంతట అదే యాక్టివేట్ అవుతుంది. కాకపోతే విండోస్ పెన్ డ్రైవ్ తయారుచేసే మీడియా క్రియేషన్ టూల్ లినక్స్‌లో నడవదు. అందుకని మింట్ ఇన్‌స్టాల్ చేయకముందే, విండోస్‌లో ఉండగానే ఆ పెన్ డ్రైవ్ ఒకటి చేసుకోండి. దాని మీద పేరూ తేదీ రాసి, బిట్‌లాకర్ కీ రాసుకున్న కాగితంతో కలిపి ఒకే కవర్‌లో పెట్టండి.